వీరుని కొలుచుటకు కొలమానమేది?

(కోనసీమ గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల బాధ్యతలను గూర్చి మాటలాడునపుడు సాధారణముగా మనము రహదారులను, మంచినీటిని, వీధిదీపములను, మురుగు కాలువలను పేర్కొందుము. ఇవి యన్నియు అత్యవసరములే. అయితే ఏ పద్దులోను వ్రాయబడని పని యొకటి ఏటేట మీ చేతులమీదుగా జరుగుచున్నది. గణతంత్ర దినమునాడు, స్వాతంత్ర్య దినమునాడు, దసరాకు, సంక్రాంతికి గ్రామములో సభ జరుగును. కుస్తీలో నెగ్గిన యువకునికో, ముష్టియుద్ధములో పతకము తెచ్చిన బాలికకో, కర్రసాము చేసినవానికో ఆ సభలో మీరు శాలువ కప్పుదురు. శాలువ వెల స్వల్పము. కాని అది ఎవరి భుజముపై పడుచున్నదో ఎదుట నేలపై కూర్చున్న పిల్లలు కన్నులార్పక చూచుచుందురు. మన ఊరిలో గొప్పవాడనగా ఇట్టివాడు అని ఆనాడు వారి మనస్సులలో పడిన ముద్ర చిరకాలము నిలుచును. కావున శాలువ కప్పుట యనగా తీర్పు చెప్పుటయే. ఆ తీర్పునకు కొలమానమేది యను విషయమును నేడు మేము మీ ముందుంచదలచితిమి.

పతకమునకు గల విలువ

పతకములను, బిరుదులను తృణీకరింపుడని మేము చెప్పుట లేదు. పోరాట క్రీడలలో గెలుపోటములు దాగవు. ఎదుటివాని వీపు నేలకు ఆనినదా లేదా యనుటను గోదా చుట్టును నిలిచినవారందరును చూతురు. కలవారి బిడ్డ యనియు, లేనివారి బిడ్డ యనియు గోదా ఎరుగదు. గుర్తింపు పొందిన క్రీడాసంఘములు జరుపు పోటీలలో లభించిన ధ్రువపత్రము విద్యాలయ ప్రవేశములకును, ఉద్యోగములలో క్రీడాకారుల కోటాకును ఆధారమగును. కూలిపని చేసికొను కుటుంబములోని బిడ్డకు ఆ కాగితమే జీవనమార్గము కావచ్చును. దానిని చులకన చేయుట పెద్దమనుష్యుల లక్షణము కాదు.

అయితే పతకము ఒక్క ప్రశ్నకు మాత్రమే సమాధానము చెప్పగలదు. ఆ దినమున, ఆ బరిలో, ఆ నియమముల క్రింద గెలిచినవారెవరు అనునదే ఆ ప్రశ్న. ఎదుట నిలిచిన ప్రత్యర్థి ఎట్టివాడు? పోరు ఏ పరిస్థితులలో జరిగినది? గెలిచినవాడు ఎట్లు గెలిచెను? ఓడినవాడు ఎట్లు ఓడెను? అటుపిమ్మట తన బలమును దేనికి వినియోగించెను? ఈ ప్రశ్నలకు పతకము బదులు పలుకజాలదు. వీనికి సమాధానములు వెదకుట కొలుచువారి పని, అనగా మీ పని.

లెక్కలు చెప్పని సంగతులు

ఇందుకు ప్రసిద్ధములైన దృష్టాంతములు కలవు. భారతదేశపు మల్లులలో గామా పేరు వినని వారుండరు. 1910వ సంవత్సరమున ఆయన లండను నగరమునకు వెళ్లెను. అక్కడ సెప్టెంబరు 10వ తేదీన పోలండు దేశీయుడైన స్టానిస్లాస్ జిబిస్కోతో ఆయనకు పోటీ జరిగినది. జిబిస్కో గామాకంటె చాల బరువైనవాడు. అతడు ఎదురు నిలిచి పోరాడుట మాని, చాపను కరచుకొని బోర్ల పరుండి, తన్ను తాను కాపాడుకొనుటయే పనిగా పెట్టుకొనెను. సుమారు రెండున్నర గంటలు గడచినను పోటీ తేలలేదు. లెక్కల పుస్తకములో అది "సమము" అని చేరినది. మరల సెప్టెంబరు 17వ తేదీని నిర్ణయింపగా ఆనాడు జిబిస్కో రానేలేదు. 1928వ సంవత్సరమున పటియాలాలో వారిద్దరును తిరిగి తలపడినప్పుడు ఒక నిమిషము నిండకముందే గామా అతనిని పడవేసెను. మొదటి పోటీలో "సమము" అను మాటను మాత్రమే చదివినవానికి ఇద్దరును సమానులని తోచును. పోరు జరిగిన తీరును విన్నవానికి ఎవరి బలమెంతయో తెలియును.

రెండవ దృష్టాంతము మహారాష్ట్రములోని సాతారా జిల్లా గోళేశ్వర్ గ్రామమునకు చెందిన ఖాశాబా జాదవ్. ఆయన 1952వ సంవత్సరమున హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో కుస్తీలో కాంస్య పతకము గెలిచెను. స్వతంత్ర భారతమునకు వ్యక్తిగత విభాగములో లభించిన తొలి ఒలింపిక్ పతకము అదియే. రెండవ వ్యక్తిగత పతకము 1996వ సంవత్సరమున గాని రాలేదు. కాంస్యమనగా మూడవ స్థానము. కాని జపాను దేశపు మల్లునితో దీర్ఘముగా పోరాడిన వెంటనే, రావలసిన విశ్రాంతి లేకుండగనే, ఆయన సోవియట్ మల్లునితో తలపడవలసి వచ్చెను. విశ్రాంతి వ్యవధిని అడిగి యిప్పించుటకు ఆ సమయమున మన దేశపు అధికారి యెవ్వరును దగ్గర లేకపోయిరి. ఆయనను హెల్సింకీకి పంపుటకు గ్రామస్థులు చందాలు వేసికొనిరి. కొల్హాపూరులోని రాజారాం కళాశాల ప్రిన్సిపాలు తన ఇంటిని తాకట్టు పెట్టి 7,000 రూపాయలు సమకూర్చెను. తిరిగి వచ్చినపుడు వందకు మించిన ఎడ్లబండ్లతో జనులు ఆయనకు స్వాగతమిచ్చిరి. కాని అర్జున పురస్కారము మాత్రము 1984వ సంవత్సరమున ఆయన కన్నుమూసిన చాలకాలమునకు గాని రాలేదు. పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన విషయమిది. ఆయన ఎంతటివాడో బిరుదులిచ్చు సంస్థలు గుర్తించుటకు దశాబ్దముల ముందే ఆయన ఊరు గుర్తించినది.

మూడవ దృష్టాంతము మన తెలుగు బిడ్డ, నిజామాబాదు నివాసిని నిఖత్ జరీన్. ఆమె 2011వ సంవత్సరమున జూనియర్ ప్రపంచ ముష్టియుద్ధ విజేత. 2017వ సంవత్సరమున భుజమునకు గాయమై చాల కాలము బరికి దూరమయ్యెను. 2019వ సంవత్సరమున ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను ఎంపిక చేయనున్నారని తెలిసినపుడు, తనకు స్థానమిమ్మని గాక, పరీక్ష పోటీ జరుపుడని మాత్రమే ఆమె కోరెను. పోటీ జరిగినది, అందులో ఆమె స్పష్టముగా ఓడిపోయెను. అంతటితో ఆమె కథ ముగిసినదని తలచినవారు కలరు. కాని 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ విజేత యయ్యెను. 2023వ సంవత్సరమున న్యూఢిల్లీలో మరల గెలిచెను. 2024వ సంవత్సరమున పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఆమెకు సీడింగు లభింపనందున రెండవ పోటీలోనే చైనా దేశపు వూ యూ ఎదురుపడెను. ఆ వూ యూ మొదటి సీడు. తరువాత స్వర్ణ పతకమును గెలిచినదియు ఆమెయే. పట్టికను చూచినవారికి నిఖత్ త్వరగా వెనుదిరిగినదని మాత్రమే కనిపించును. ఎవరి చేతిలో ఓడినది, ఎన్నవ పోటీలో ఓడినది అని విచారించినవారికి మాత్రమే అసలు విషయము బోధపడును.

గురువు చూచు చూపు

ఈ వివేకము మనకు క్రొత్తది కాదు. మహాభారతములోని గదాయుద్ధ ఘట్టమును మన గ్రామములలో ఎరుగని వారుండరు. భీముడును దుర్యోధనుడును పోరుచుండ, భీముడు నియమమునకు విరుద్ధముగా తొడలపై కొట్టి గెలిచెను. భీముని ప్రతిజ్ఞయు, ద్రౌపదికి జరిగిన పరాభవమును మనమెరుగుదుము. అయినను ఇద్దరికిని గదావిద్య నేర్పిన బలరాముడు ఆ గెలుపును మెచ్చక, నాగలి నెత్తి భీముని మీదికి లేచెను. గురువు కంటికి గెలుపుకంటె గెలిచిన తీరు ముందుగా కనిపించినది. అట్లే 1757వ సంవత్సరమున జరిగిన బొబ్బిలి యుద్ధములో కోట కూలినది. అయినను రెండున్నర శతాబ్దములుగా బుర్రకథలలో ప్రజలు చెప్పుకొనుచున్నది కోటను గెలిచినవారి కథ కాదు. తాండ్ర పాపారాయుని కథ. జయాపజయములను దాటి మనిషిని తూచు త్రాసు మన ప్రజల చేతిలో ఏనాడో కలదు. దానిని సభావేదికపై వాడుటయే మనము మరచుచున్నాము.

కోనసీమ నేర్పిన పాఠము

దూరదేశముల ముచ్చట చాలించి మన అమలాపురమునకు వత్తము. విజయదశమినాడు అమలాపురము వీధులలో జరుగు చెడీ తాలింఖానాను మీలో చూడనివారుండరు. తాలీమనగా శిక్షణ, తాలింఖానా యనగా శిక్షణశాల. దీనిని 1856వ సంవత్సరమున అబ్బిరెడ్డి రామదాసు ప్రారంభించెనని పట్టణ ప్రజలు చెప్పుకొందురు. ఆ లెక్కన నూట అరువది సంవత్సరములకు పైబడిన విద్య ఇది. వీధి వీధి నుండి అమ్మవారి వాహనములు ఊరేగింపుగా బయలుదేరును. వాని ముందు ఆ వీధి యువకులు, నడివయస్కులు, పెద్దలు కూడ కర్రసాము, కత్తిసాము మొదలగు విద్యలను ప్రదర్శింతురు. తెల్లవారులు జనులు నిలుచుండి చూతురు.

ఈ విద్యలో మిక్కిలి కఠినమైన భాగము అందరకు తెలిసినదే. ఒకడు నేలపై పరుండును. అతని కంఠముపై, పొట్టపై కాయగూరలుంచుదురు. కన్నులకు గంతలు కట్టుకొనిన వేరొకడు కత్తి త్రిప్పుచు వచ్చి వానిని నరకును. కాయ రెండుగా చీలును. క్రింది చర్మముపై గీత కూడ పడదు. ఇప్పుడు ఆలోచింపుడు. ఇందులో గెలిచినవాడెవడు? ఓడినవాడెవడు? దీనికి పాయింట్లు ఎట్లు వేయవలెను? ఇచ్చట విజయమనగా ఒక గాయము జరుగకపోవుట. జరుగని దానిని ఏ పుస్తకములో వ్రాయగలము?

చూచువారి కన్ను సాధారణముగా కత్తి పట్టినవాని మీదనే యుండును. కాని సావధానముగా చూచినచో అక్కడ ముగ్గురు వీరులున్నారు. మొదటివాడు కత్తి పట్టినవాడు. బలముగా కొట్టుట అతనికి కష్టము కాదు. కొట్టిన దెబ్బను వెండ్రుకవాసిలో ఆపుటయే కష్టము. రెండవవాడు నేలపై పరుండినవాడు. అతడు ఆయుధము పట్టడు, అడుగు కదల్పడు. చప్పట్లలో అతనికి వాటా తక్కువ. అయినను అతడు దీర్ఘముగా శ్వాస తీసికొన్నను, బెదరి కదలినను ప్రమాదమే. ఎదుటివాని విద్యపై తన ప్రాణమును పందెముగా పెట్టి నిశ్చలముగా ఉండుట అతని విద్య. మూడవవాడు ఊరేగింపు ప్రక్కన నడచుచు నుండు గురువు. ఈ కుర్రవాని చేతికి ఈ యేడు కత్తి ఇయ్యవచ్చునా, లేక ఇంకొక యేడు కర్రతోనే సాధన చేయింపవలెనా యని నిర్ణయించువాడతడు. తొందరపడు శిష్యునితో "ఇంకను కాదు" అని చెప్పగలుగుటయే అతని గొప్పతనము. ఆ ఒక్క మాట వలన తప్పిన ప్రమాదములెన్నియో ఎవరును లెక్కింపలేరు.

చెడీ తాలింఖానా మనకు నేర్పు పాఠమిదియే. ఆయుధము పట్టిన చేతికి అలంకారము నిగ్రహము. కొట్టగలిగియు ఆపగలవాడు, కొట్టుట మాత్రమే తెలిసినవానికంటె గొప్పవాడు. నిండుకుండ తొణకదని పెద్దలు చెప్పుమాట గోదాలోను వర్తించును.

బలమును బహుమానములతో గాక మరియొక విధముగ కొలుచుట కోనసీమ రైతునకు అలవాటే. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలను భుజములపై మోసికొని పోవుదురు. గంగలకుర్రు వారు తమ ప్రభను కౌశిక నీటిలో దిగి దాటింతురు. అక్కడ ప్రథమ బహుమతి లేదు, ద్వితీయ బహుమతి లేదు. నడినీటిలో కాలు జారినను భుజము దించనివాడెవడో మోసినవారందరకు తెలియును. ఆ యెరుకయే అతనికి బిరుదు.

గురువులను మరువరాదు

కేరళ రాష్ట్రమున వడకర సమీపములో మీనాక్షి అమ్మ యను గురువు కలరు. ఆమె కళరిపయట్టు అను ప్రాచీన యుద్ధవిద్యను బాల్యములోనే అభ్యసించి, దశాబ్దముల తరబడి బాలబాలికలకు నేర్పుచు వచ్చిరి. భారత ప్రభుత్వము 2017వ సంవత్సరమున ఆమెను పద్మశ్రీతో గౌరవించినపుడు, ఆమె ఎన్ని పోటీలు గెలిచినదని ఎవ్వరును అడుగలేదు. ఆమె చేతిలో తయారైన శిష్యులే ఆమె లెక్క.

ఇట్టి గురువులు మీ గ్రామములలోను కలరు. కొబ్బరితోటలో పని చేసికొని వచ్చి, సాయంకాలము రామకోవెల ముందు పదిమంది పిల్లలకు కర్ర పట్టుట నేర్పు వస్తాదు వద్ద ధ్రువపత్రముండదు, కప్పుండదు, పత్రికలో ఛాయాచిత్రముండదు. సన్మానమునకు పేర్లు వ్రాయు దినమున "ఆయనకేమి పతకమున్నది?" అని యొకరు అడుగుటయు, ఆయన పేరు జారిపోవుటయు జరుగుచుండును. పది సంవత్సరములైన పిదప ఆ ఊరిలో కర్ర పట్టువాడుండడు. ఆనాడు ఎంత ధనము వెచ్చించినను పోయిన విద్య తిరిగి రాదు. ఏలయన అది గ్రంథములలో లేదు, ఆయన మోచేతిలోను, మడమలోను ఉన్నది.

బలము దేని కొరకు?

తెలుగునాట బలమును గూర్చి మాటలాడునపుడు కోడి రామమూర్తి నాయుడుగారిని స్మరింపక తప్పదు. ఆయన ఉత్తరాంధ్రములోని వీరఘట్టమున 1882వ సంవత్సరమున జన్మించిరి. మద్రాసు సమీపమున సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, పిమ్మట సర్కసు నెలకొల్పి దేశవిదేశములలో ప్రదర్శనలిచ్చిరి. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి త్రెంచుట, ఏనుగును ఛాతీపై నిలుపుట మొదలగు ప్రదర్శనల వలన ఆయనకు కలియుగ భీముడను పేరు వచ్చెను. ఆ ప్రదర్శనలలోని బరువులను ఈనాడు ఎవరును కొలువలేరు. కొలువవలసిన పనియు లేదు. శాకాహారిగా, ప్రాణాయామ సాధకునిగా ఆయన గడపిన నియమబద్ధమైన జీవితము, గడించిన ధనమును దానధర్మములకు విరివిగా ఇచ్చిన ఔదార్యము, దేహమును బలపరచుకొనుడని యువకులకు చేసిన బోధ - ఇవియే 1942వ సంవత్సరమున ఆయన మరణించిన తరువాతను నిలిచినవి. శ్రీకాకుళములోని క్రీడామైదానము ఆయన పేరనే యున్నది.

మొదట చెప్పిన గామాను గూర్చియు ఇట్టి మాటయే వినవచ్చును. 1947వ సంవత్సరమున దేశవిభజన కల్లోలములో, లాహోరులో తన ఇరుగుపొరుగున ఉన్న హిందూ కుటుంబములకు ఆయన అండగా నిలిచి కాపాడెనని చెప్పుదురు. లండనులో పొందిన బెల్టుకంటె ఇది చిన్న విషయమా? మీరే చెప్పుడు.

పందెము కొలమానము కాదు

ఇచ్చట ఒక అప్రియమైన మాటను కూడ చెప్పవలసియున్నది. సంక్రాంతి దినములలో మన ప్రాంతమున పందెపు సొమ్మును బట్టి పోరు గొప్పతనమును లెక్కించు అలవాటు ప్రబలినది. కోడిపందెములు 1960వ సంవత్సరపు జంతుహింస నిరోధక చట్టమునకును, పందెము కాయుట 1974వ సంవత్సరపు జూద నిరోధక శాసనమునకును విరుద్ధములు. చట్టము మాట యటుంచి, మనము నేడు మాటలాడుచున్న కొలమానమును బట్టి చూడుడు. నోరులేని కోడి కాలికి కత్తి కట్టి వదలినవాడు తాను ఏ ప్రమాదమునకును ఎదురు నిలువడు, ఏ విద్యను నేర్వడు, ఏ నిగ్రహమును పాటింపడు. పోరాట క్రీడకు ప్రాణమైన మూడు గుణములును అందు లేవు. పందెపు సొమ్ము పెరిగిన కొలది అప్పు పెరుగును గాని వీరత్వము పెరుగదు. ఆ అలవాటు కుస్తీ బరిలోనికి, తాలింఖానాలోనికి ప్రాకకుండ చూచుట మీ బాధ్యత.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగ 73వ సవరణ ద్వారా చేర్చబడిన 11వ షెడ్యూలులో పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. వానిలో 21వది సాంస్కృతిక కార్యక్రమములు. 22వది సంతలు, తిరునాళ్లు. కావున గ్రామమునందలి సాము విద్యను కాపాడుట మీ పరిధికి వెలుపలి పని కాదు. అందుకు పెద్ద నిధులును అక్కరలేదు.

మొదటిది. సన్మానమునకు పేర్లు నిర్ణయించునపుడు పతకముల సంఖ్యతో ఆగక, ఈ అయిదు ప్రశ్నలు వేయుడు. ఎవరితో తలపడెను? ఏ పరిస్థితులలో తలపడెను? నియమమును పాటించెనా? ఓడిన పిమ్మట ఏమి చేసెను? ఎవరికి నేర్పెను? ఈ ప్రశ్నలలో ఏ వీధివాడు, ఏ కులమువాడు, ఎవరి బంధువు అను వానికి చోటు లేదు. గోదా అడుగని ప్రశ్నను సన్మాన సభ అడుగరాదు.

రెండవది. గ్రామమునకొక తాలీము పుస్తకము పెట్టుడు. సాము నేర్పు పెద్దల పేర్లు, వారికి నేర్పిన గురువుల పేర్లు, వారెరిగిన విద్యలు, నేర్చుకొనుచున్న పిల్లల వివరములు అందులో వ్రాయింపుడు. పాఠశాల ఉపాధ్యాయుని సహాయముతో ఈ పని నెల దినములలో ముగియును. ఓపిక ఉన్న వృద్ధ గురువుల చేత వారి విద్యను చేయించి చలనచిత్రముగా తీయింపుడు. నేడు చేతి ఫోను లేని ఇల్లు అరుదు గదా.

మూడవది. స్థలము. పంచాయతీ భూమిలో పదిమంది కర్ర త్రిప్పుటకు చాలిన ఇసుక నేలను కేటాయించి, ఒక దీపము పెట్టింపుడు. బాలికలకు ప్రత్యేకముగా వేళ నిర్ణయింపుడు. నిఖత్ జరీన్ వంటి బిడ్డ మీ ఊరిలోను ఉండవచ్చును. అడుగు పెట్టుటకు తావు లేనిదే ఆమె ఎట్లు తెలియవచ్చును?

నాలుగవది. భద్రత. గురువు అనుమతి లేనిదే ఇనుప ఆయుధము పట్టరాదు. మత్తులో ఉన్నవానిని బరిలోనికి రానీయరాదు. ప్రథమ చికిత్స పెట్టెయు, దానిని వాడుట తెలిసిన మనిషియు దగ్గర నుండవలెను. ఊరేగింపులకు పోలీసువారి అనుమతిని ముందుగానే తీసికొనవలెను. గాయపడుట శౌర్యమునకు గుర్తు కాదని పిల్లలకు పదేపదే చెప్పవలెను.

అయిదవది. గుర్తింపు పొందిన సంఘముల పోటీలకు వెళ్లదలచిన పిల్లలకు ఏ పోటీ ధ్రువపత్రము చెల్లునో, ఏది చెల్లదో జిల్లా క్రీడాధికార సంస్థ నుండి తెలిసికొని చెప్పుడు. రుసుము తీసికొని వచ్చినవారందరకు పతకములు పంచు పోటీలు కూడ కలవు. అట్టి పతకములను చూచి సభలో మోసపోవుట గ్రామమునకు గౌరవము కాదు.

చివరిది మిక్కిలి ముఖ్యమైనది. గెలిచి వచ్చినవానికి ఊరంతయు ఎదురేగును. ఓడి వచ్చినవాడు చీకటి పడినపిదప, వెనుక సందు వెంట ఇంటికి చేరును. మరునాడు ఉదయము అతని ఇంటికి పంచాయతీ సభ్యుడొకడు పోవలెను. "ఎట్లు ఓడితివి?" అని ఎత్తిపొడుచుటకు కాదు, "ఎవరితో తలపడితివి? ఏమి నేర్చితివి? మరల ఎప్పుడు బయలుదేరుచున్నావు?" అని అడుగుటకు. ఆ పలకరింపు లేక సాధన మానివేసిన పిల్లలు ప్రతి గ్రామములోను ఉందురు. ఆ ఒక్క మాటతో మరల గోదాలో దిగువారును ఉందురు.

మిత్రులారా! అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల గ్రామములలో కండబలమునకు లోటు లేదు. వరిచేలలోను, కొబ్బరితోటలలోను, గోదావరి పాయలలోను అనుదినము శ్రమించు జనులు మనవారు. లోటైనది వారి బలమును సరిగా చూచు కన్ను. బిరుదులను ఇచ్చువారు పట్టణములలో నుందురు. మనిషిని పుట్టినది మొదలు ఎరిగినవారు గ్రామములో నుందురు. ఎవడు కోపమును దిగమ్రింగెనో, ఎవడు బలహీనునిపై చేయి ఎత్తలేదో, ఎవడు తనకు తెలిసిన విద్యను దాచుకొనక పంచెనో మీకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. ఆ తెలివిని వినియోగించి రాబోవు విజయదశమికి మీ గ్రామములో ఎవరిని వేదికపైకి పిలువవలెనో నేటినుండియే విచారింపుడు. కత్తి త్రిప్పినవానితోపాటు, నేలపై నిశ్చలముగా పరుండినవానిని, ప్రక్కన నిలిచి "ఇంకను కాదు" అని చెప్పిన గురువును కూడ పిలువుడని కోరుచు మేము సెలవు తీసికొనుచున్నాము.